భీమ్లా ఎక్కని మెట్టు

భీమ్లా మీద నాకు ఇప్పటికీ కోపమే. పెన్‌పహాడ్ పక్క తండాలో పుట్టిన మనిషి, సూర్యాపేటలో సైన్యానికి కుర్రాళ్లను తయారుచేసే శిక్షణ కేంద్రంలో ఇన్‌స్ట్రక్టర్‌గా చేరాడు. నాలాగే సివిలియన్. ఒంటి మీద ఖాకీ ఉంటుంది, భుజం మీద పట్టీ ఉండదు. జవాన్లకు ప్రమోషన్లుంటాయి, గుమాస్తాలకుంటాయి, మాకు మాత్రం చేరిన కుర్చీయే చివరి కుర్చీ. కుర్చీ అని మాటవరసకన్నాను, మేం రోజంతా ఎండలో నిలబడేవాళ్లమే.

మిర్యాలగూడ నుంచి వచ్చి ఆయన దగ్గర కవాతులో సావధాన్ నుంచి నేర్చుకున్న పిల్లగాడొకడు హవల్దారై, సెలవు మీద వచ్చి, "ఏం మాస్టర్, ఇంకా గాడనే ఉన్నవా?" అని నవ్వాడు. ఆ పూట భీమ్లా అన్నం ముట్టలేదు.

"పాండూ, నేను దిగిపోయే లోపల ఒక్క మెట్టన్న ఎక్కాలెరా" అన్నాడు నాతో.

అప్పట్నుంచి అదే పిచ్చి. ఇన్‌స్ట్రక్టర్, సీనియర్, చీఫ్ అని మా కొలువును మూడు మెట్లుగా మార్చమని పై ఆఫీసుకు ప్రతిపాదన పెట్టాడు. వచ్చిన ప్రతి మేజరూ భేష్ అనేవాడు, బదిలీ మీద వెళ్లిపోయేవాడు. భీమ్లా మళ్లీ మొదట్నుంచి మొదలుపెట్టేవాడు. చివరికి తొంభై ఒకటిలో, ఇంకొన్ని నెలల్లో రిటైరవుతాడనగా, ఆ ప్రతిపాదన తేల్చేముందు మా పని చూడ్డానికి ఢిల్లీ నుంచి ఒక అధికారి వస్తున్నాడని కబురొచ్చింది.

మా మైదానంలో ఒక అలవాటుంది. పెద్దలెవరొచ్చినా అందరికంటే కొత్త ఇన్‌స్ట్రక్టరే కవాతు నడపాలి. కొత్తవాళ్ల భయం పోవాలని భీమ్లాయే పెట్టిన పద్ధతి. అందుకే చిలక్కి చెప్పినట్టు చెప్పాను: "అన్నా, రేపు మాత్రం నువ్వే ముందు నిలబడు. నీ పనేందో నువ్వే సూపియ్యి."

"నాకు తెల్వదా ఏంది?" అని కసిరాడు.

తెల్లారి జీపు ఆగిందో లేదో, "యేసయ్యా, ముందుకు రా!" అని ఆయనే కేకేశాడు. భీమ్లా కాలు తొక్కాను, గిల్లాను. ఏం లాభం? కోదాడ నుంచి కొత్తగా వచ్చిన యేసయ్య అప్పటికే ముందుకు ఉరికాడు. ఏం నడిపాడండీ! అచ్చం భీమ్లా గొంతే.

అధికారి చప్పట్లు కొట్టి, "మొన్న చేరినవాడే ఇంత బాగా చేస్తుంటే సీనియర్ అని ఇంకో పోస్టు దేనికి?" అన్నాడు హిందీలో. భీమ్లాను చూపిస్తూ, అతనికి నేర్పింది ఈయనే సాబ్ అని నేనే అందుకున్నాను. నేర్పడమే కదా మీ అందరి ఉద్యోగం అంటూ అధికారి జీపెక్కాడు. నెల తిరక్కుండా, కుదరదన్న రాతతో ప్రతిపాదన తిరిగొచ్చింది.

అది విన్న భీమ్లా మైదానంలోకి విసురుగా వెళ్లి యేసయ్య చొక్కా పట్టుకున్నాడు. "గంత మంచిగ ఎందుకు చేసినవ్‌రా? జర తడబడితే నీ సొమ్మేం పోయేది? నా బతుకు ఖతం చేసినవ్ గదరా!"

యేసయ్య కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. "తడబడితే మీరు ఊరుకోరు కదండీ" అన్నాడు.

భీమ్లా చెయ్యి వదిలేశాడు. పిల్లలందరూ చూస్తుండగా నేల మీద కూలబడి ఏడ్చాడు. కాసేపటికి లేచి, నలిగిన యేసయ్య కాలరును తనే సరిచేసి, "పో, పోరగాళ్లు నిలబడ్డరు. లైను సక్కగ లేదు, సూడు" అన్నాడు.