మూడడుగుల ఖాళీ

ముప్పై ఏళ్లు ఫ్యాక్టరీ డ్రాయింగ్ ఆఫీసులో కొలతలు చూసి గీతలు గీశాను. పోతిరెడ్డిపల్లిలో ఇల్లు కట్టుకున్నాక, వేర్వేరు ప్రాంతాల నుంచి వచ్చి పెళ్లాడిన ఆలుమగల తగవులు వినడం మొదలుపెట్టాను. డాబా మీద ముగ్గుపిండితో వాళ్లుండే గదిని అసలు కొలతల్లో గీయమంటాను. ఒకరు గీసేటప్పుడు రెండోవాళ్లు కింద కూర్చోవాలి. గీశాక ఆ గదిలో నడిచి చూపించాలి.

ఒక జంట నా దగ్గరికి రావడం అది నాలుగో మంగళవారం. అతనిది ఇక్కడి రైతు కుటుంబం, పటాన్‌చెరులో ఫ్యాక్టరీ ఉద్యోగం. ఆమె ఒడిశా నుంచి అదే ఫ్యాక్టరీకి పనికి వచ్చింది. మర్నాడు బరంపురం రైలుకు ఆమె ఒక్కదానికే టికెట్ ఉంది. వాళ్ల పాప పంతొమ్మిది రోజులు బతికింది. ఇక్కడైనా ఒడిశాలోనైనా వాళ్ల ఇళ్లలో పేరు పెట్టేది ఇరవై ఒకటో రోజునే.

"పేరు వెట్టని పిల్ల ముచ్చట తీయొద్దన్నది మా అవ్వ," అన్నాడతను.

"నీకు యాదే లేదు. బువ్వ తిన్నవ్, డ్యూటీకి పోయినవ్." అత్తగారి దగ్గర నేర్చిన తెలుగు ఆమెది.

ముందు అతను గీశాడు. తలుపు, మంచం, పొయ్యి. తలుపు నుంచి పొయ్యి దాకా నడుస్తూ, గది మధ్య ఏమీ లేనిచోట పక్కకు తిరిగి వెళ్లాడు. అతను కిందికి దిగాక అతను తప్పుకున్న చోటును టేపు పెట్టి కొలిచాను. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు. గోడకు నాలుగడుగుల దూరం. తడిగుడ్డతో తుడిచి ఆమెను పిలిచాను.

ఆమె కూడా గది గీసి, నడుస్తూ మధ్యలో కొంగు దగ్గరికి లాక్కుని చుట్టూ తిరిగి వెళ్లింది. కొలిచాను. అంగుళం తేడా లేదు. గాలి కదలడం లేదు.

అతన్ని పైకి పిలిచి, ఇద్దరూ ఒకేచోట చుట్టూ తిరిగి వెళ్లారని చెప్పి అడిగాను. "అక్కడేముంది?"

"తొట్లె," అందామె, ఊయల ఊపినట్టు చెయ్యి కదిపి.

"కట్టనే లేదు కదనే," అన్నాడతను.

"మరి నువ్వు ఎందుకు తిరిగి పోయినవ్?" అందామె.

అతను ఆ ఖాళీ వైపు చూశాడు. "తగిలితే లేస్తది," అన్నాడు.

ఆమె అతని ముఖంలోకి చూసింది. "ఏం పేరు అనుకున్నవ్?"

అతను మోకాళ్ల మీద కూర్చుని, ఆ ఖాళీలోకి వంగి, చెవిలో చెప్పినట్టు చెప్పాడు. తర్వాత ఆమె వంగింది. నాకు ఏ పేరూ వినిపించలేదు.

మెట్లు దిగుతూ ఆమె అంది: "టికెట్ జల్దీ కాన్సిల్ చెయ్యి. మళ్ల మర్చిపోతవ్."

రెండు బకెట్ల నీళ్లతో డాబా కడిగాను. మెట్ల నుంచి ఆ ఖాళీ మీదుగా నీళ్ల ట్యాంకుకు నా అడుగులు పదకొండు. ఆ రోజు నుంచి పదమూడు పడుతున్నాయి.