ఇల్లు వదలని నూకరత్నం

జి.మాడుగుల పైకొండల్లో కాఫీ పండించుకునే నూకరత్నాన్ని మొగుడు ధర్మ తాగినప్పుడల్లా కొట్టేవాడు. ఊరి పెద్దలకు చెప్పుకుంటే అతనికి తప్పు కింద ఓ కోడిని జరిమానా వేసేవారు. ఆ కోడిని అందరూ కూర్చుని తినేవారు. మళ్లీ మామూలే. ఈసారి రోకలితో ఆమె మోచెయ్యి విరగ్గొట్టాడు. ఆస్పత్రిలో కట్టు కట్టించుకున్నాక ఆమె ఇంటికి పోలేదు. పాడేరులో పేదల కేసులు ఉచితంగా చూసే లాయరు పావని దగ్గరకు వెళ్లింది.

అంతా విని పావని, "విశాఖలో ఆడవాళ్ల హోమ్ ఉంది, పంపిస్తాను. అక్కడైతే భద్రంగా ఉంటారు" అంది.

"నానెందుకెల్లాలమ్మా? తప్పు సేసినోడు ఆడు. ఆ ఇల్లు నాను మట్టి తొక్కి కట్టినాను. ఆడినే పొమ్మనండి."

పావని కాగితం, పెన్ను తీసుకుని, "అలాగే అడుగుదాం. చట్టంలో దానికీ దారి ఉంది" అంది.

కోర్టు ఒప్పుకుంది. ధర్మ ఆ గడప తొక్కకూడదని, ఆమె జోలికి పోకూడదని ఉత్తర్వు ఇచ్చింది. కానిస్టేబుల్ వచ్చి చెప్పిపోయాక ధర్మ అదే వీధి చివర తన అన్న ఇంట్లో దిగాడు. నూకరత్నం తన ఇంటికి తిరిగొచ్చింది. ఊరి గొడవను కోర్టుకెక్కించిందని పెద్దలు మండిపడ్డారు. ఏటా కాఫీ కోతప్పుడు ఒకరి తోటలో ఒకరు చేసుకునే బదులు పనికి వచ్చే ఆడవాళ్లు ఆ ఏడు ఒక్కరూ రాలేదు. సరిగా అతక్క వంకర తిరిగిన చేత్తో ఆమె అందినంత కోసుకుంది. మిగతా పళ్లు చెట్లమీదే ఎండిపోయాయి.

ధర్మ తాగొచ్చి కంచె బయట నిలబడి బూతులు తిట్టేవాడు, లోపలికి మాత్రం అడుగుపెట్టేవాడు కాదు. ఆమె తలుపు గడియ వేసుకుని, అంబలి కాచుకుని, కడుపునిండా తాగి పడుకునేది.