మంచునది ఎదుట డాక్టరమ్మ

జర్మనీలోని డ్యూసెల్‌డార్ఫ్ నుంచి వచ్చిన ఆ డాక్టరమ్మ ఎవరినీ చెయ్యి పట్టి లాగరు. అరచెయ్యి చాచి, మనమే పట్టుకునేదాకా అలా ఉంచుతారు.

చిలీ దక్షిణపు కొసన, కొండల నడుమ సముద్రపు పాయల్లో తిరిగే చిన్న ఓడలో ఆవిడను కలిశాను. జర్మనీలోనే వోల్ఫ్స్‌బర్గ్ నుంచి నేను, మా ఆయన, మా పాప వెళ్ళాం. మంచునదులను దగ్గరగా చూడాలంటే ఓడ దిగి రబ్బరు పడవ ఎక్కాలి. చిన్నప్పుడు కాలవలో మునిగి బతికినదాన్ని, ఆ పడవ చూడగానే నేను రానన్నాను. వాళ్ళిద్దరే వెళ్ళారు.

రిటైరైన డాక్టరమ్మ ఈ ప్రయాణం కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూశారట. అయినా రెండు రోజులు పడవ ఎక్కకుండా నా పక్కనే కూర్చున్నారు.

"నా కోసం మీరెందుకండీ మానుకోవడం?"

"మంచు ఎక్కడికి పోతుందమ్మా, రేపు చూస్తాలే."

మూడో రోజు మెట్ల దగ్గర అరచెయ్యి చాచారు. "ఇవాళ నేను వెళ్తున్నా. వస్తే రా, లేకపోతే తప్పేం లేదు."

పట్టుకున్నాను.

నీలంగా మెరిసే మంచుగోడ ఎదుట పడవ ఆగింది. ఇంతలో పెద్ద ముక్కొకటి విరిగి నీళ్ళలో పడింది. పడవ ఊగిపోయింది. ఆవిడ నా చెయ్యి గట్టిగా నొక్కి, "ఎవరికీ చెప్పకు, నాకూ ఈత రాదు" అన్నారు. భయపడుతూనే ఇద్దరం పకపకా నవ్వాం.

ఇంటికొచ్చాక, పెద్దల ఈత క్లాసులో చేరడానికి తేదీ దొరికిందని ఆవిడకు ఫోన్ చేశాను.

"అయితే నేనూ ఇక్కడ చేరతాను. ఈ వయసులో వద్దంటారేమో, ఒప్పిస్తాలే."

పోయిన వారం ఆవిడే ఫోన్ చేశారు. కొలను ఈ చివర నుంచి ఆ చివరకు ఈదారట. నేనింకా గట్టు వదల్లేదు.