రెండు ఎడమ చెంపల మనిషి

మా నాయినకు గోడెక్కాలని కోరిక. సోలాపూర్‌లో మా నేతగాళ్ల వాడకు ఒక సమాజం హాలు ఉండేది. దాని గోడ మీద మీసాలు, తలపాగాలు, బొట్లతో కులపెద్దల ఫోటోలు వరుసగా వేలాడేవి. అందరూ పోయినవాళ్లే. ఆ గోడ మీద చోటు కావాలంటే ముందు చావాలి. అంత ఓపిక మా నాయినకు లేదు.

"సచ్చినంక ఏడ పెడితే ఏంది? నేను జూడాలె గదా!" అనేవాడు.

అప్పటి ఫోటోల సంగతి చెప్పాలి. స్టూడియోవాడు ఊపిరి బిగబట్టమనగానే మనిషిలో ఉన్నదంతా లోపలికి పోయి తలుపేసుకునేది. మిగిలేది మీసం. పెళ్లి ఫోటోల్లో పెళ్లికొడుకు కూడా అప్పుడే జైలు నుంచి వచ్చినవాడిలా ఉండేవాడు. మా నాయిన ఈ విద్యలో ఆరితేరినవాడు. కుడి కనుబొమ్మ పైకి లాగి, కుడి మీసం మెలేసి, కుడి చెంప ముందుకు పెట్టేవాడు. చిన్నప్పటి జబ్బు వల్ల ఆయన ఎడమ కన్ను కాస్త వాలి, పెదవి ఆ పక్క కిందికి జారి ఉండేది. ఆ పక్కను లోకానికి చూపించేవాడు కాదు. వాడలో ఎవరు ఎదురైనా వాళ్లకు కుడి చెంపే కనిపించేలా నిలబడేవాడు. ఇంట్లో మేం భయపడి చచ్చేదీ ఆ చెంపకే. నాకప్పుడు పన్నెండేళ్లు. ఆ కనుబొమ్మ లేస్తే చాలు, అమ్మ పక్కన చేరి గబగబా బీడీలు చుట్టేదాన్ని.

పెయింటరు చేత బొమ్మ వేయించుకోవచ్చు కదా అంటే ఆయనకు నామోషీ. చద్దర్ల మీద నెమళ్లను నేసిన చేతులకు తన మొహం ఒక లెక్కా?

"నా మొకం నేనే నేస్త" అన్నాడు.

మా మగ్గానికి జకార్డు అనే బొమ్మల యంత్రం ఉండేది. బొమ్మను గళ్ల కాగితం మీద గీసి, ఆ గళ్ల ప్రకారం అట్టలకు చిల్లులు కొడితే, ఆ చిల్లుల లెక్కనే పడుగు పోగులు లేచేవి. మా జకార్డు తాళ్లు జంట బొమ్మకు కట్టినవి. అంటే సగం గీస్తే చాలు, రెండో సగం అద్దంలోలా దానంతట అదే పడుతుంది. ఒక నెమలిని గీస్తే ఎదురెదురుగా రెండు నెమళ్లు. నెమళ్లకు సరే. మనిషి మొహానికి ఇది కుదరదని మా ఇంట్లో ఎవరికీ తట్టలేదు. నాయినకైతే వరమే దొరికినట్టయింది. రెండు పక్కలా కుడి చెంపే!

అట్టలు కొట్టే మాస్టరు ఇంటికి వచ్చి, ఎదురుగా తీసిన ఫోటో తీసుకుపోతుంటే నాయిన హెచ్చరించాడు.

"కుడి దిక్కుదే గియ్యాలె. యాదుంచుకో."

"బిల్కుల్, అన్నా. కుడి దిక్కే."

మాస్టరు మాట తప్పలేదు. ఫోటోను ముందు పెట్టుకుని తన కుడిచేతి వైపున్న సగాన్ని శ్రద్ధగా గీశాడు. ఫోటోలో మనిషి మనకు ఎదురుగా ఉంటాడు కనుక, మన కుడి వైపున కనిపించేది అతని ఎడమ చెంప. ఆ సంగతి ఇద్దరికీ గుర్తు లేదు.

అట్టలు వచ్చాయి. నాయిన నేయడం మొదలుపెట్టాడు. ఇలాంటి నేతలో గుడ్డ బోర్లా పడుతుంది. బొమ్మ కిందికి ఉంటుంది, నేసేవాడికి కనిపించేది వెనక పక్క. తెలుపుండాల్సిన చోట నలుపు, నలుపుండాల్సిన చోట తెలుపు. ఆ గందరగోళంలో తన మొహాన్ని తనే ఆనవాలు పట్టలేకపోయాడు. కింద అద్దం పెట్టి చూసుకొమ్మని అమ్మ అంది.

"దేవుని ముంగటనే జూస్త" అన్నాడు.

తన మొహం చూసుకోవడానికి ముహూర్తం పెట్టుకున్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.

రాఖీ పున్నమినే మేం నూలు పున్నం అంటాం. ఆ రోజున మగవాళ్లంతా కొత్త జంధ్యాలు వేసుకుని హాల్లో దేవుడి పటం ముందు చేరారు. ఆడవాళ్లం వెనక కూర్చున్నాం. నాయిన చుట్టిన గుడ్డను తెచ్చి సమాజం పెద్దాయన చేతిలో పెట్టాడు. ఇద్దరూ చెరో కొస పట్టుకుని విప్పారు.

గుడ్డలోంచి మమ్మల్ని చూసినవాడికి రెండు కళ్లూ వాలి ఉన్నాయి. పెదవి రెండు చివరలా కిందికి జారింది. మెలి లేని మీసం అటూ ఇటూ వేలాడుతోంది. ఎవరో అప్పుడే కసిరితే, ఏడవనా వద్దా అని ఆలోచిస్తున్నట్టున్న మొహం. నాకు నవ్వాగక అమ్మ కొంగు నోట్లో కుక్కుకున్నాను.

"ఎవలయ్యా గీయన?" అని పెద్దాయన అడిగాడు.

నాయిన ఆ గుడ్డ వైపు చాలాసేపు చూశాడు.

"మా నాయిన" అన్నాడు చివరికి. "పోయి శాన ఏండ్లాయె."

మా తాత కరీంనగర్ దిక్కున సొంతూళ్లోనే పోయాడు, సోలాపూర్ మొహం చూడలేదు. ఆయనకు ఫోటో కూడా లేదు. ఇక కాదనేవాడెవడు? పోయినవాడైతే గోడకు అభ్యంతరమూ లేదు. అప్పటికప్పుడు మేకు కొట్టి బొమ్మను వేలాడదీశారు, బంతిపూల దండ వేశారు. "పాపం, శాంతమూర్తి" అన్నారెవరో. ఆ శాంతమూర్తి కల్లు తాగి బండెద్దు చెవి కొరికాడని అమ్మ చెప్పగా విన్నాను.

నాయిన చేతులు కట్టుకుని తన దండను తనే చూస్తూ నిలబడ్డాడు. కుడి కనుబొమ్మ మళ్లీ మెల్లగా లేస్తోంది. గట్టెక్కాననుకున్నాడు.

అప్పుడు అమ్మ లేచింది. ఆ హాల్లో ఆడవాళ్లు నోరు విప్పే ఆనవాయితీ లేదు.

"మా మామను నేనెరుగుదు. గా మొకం ఆయనది గాదు" అంది. "మా పిలగాడు పోయిన నాడు, మీరంత మీ మీ ఇండ్లకు పోయినంక, మగ్గం నేసుకుంట ఏడ్సిండే, గా మనిషిది."

నా తమ్ముడు మూడేళ్ల వాడు, జ్వరంతో పోయాడు. వాణ్ని మట్టి చేసి వచ్చిన రోజే ఈయన మగ్గం మీద కూర్చున్నాడు. ఆ చప్పుడు విని వాడకట్టంతా ఈయన్ను రాయి అంది. నాకూ అప్పటినుంచి ఆయన మీద ఒళ్లు మంట. అప్పటిదాకా నవ్వాపుకుంటున్నదాన్ని, అమ్మ కొంగు వదలకుండానే వెక్కి వెక్కి ఏడ్చాను.

నాయిన అమ్మ వైపు తిరిగాడు. కేకలేస్తాడని కళ్లు మూసుకున్నాను. కేక రాలేదు. కళ్లు తెరిచి చూస్తే కుడి కనుబొమ్మ దిగిపోయి ఉంది. రెండు చెంపలూ ఒక్కలాగే ఉన్నాయి.

పెద్దాయనతో అన్నాడు:

"గా దండ తియ్యుర్రి. నేనింకా బతికే ఉన్న."