ఊరూరా తిరిగిన జాకెట్టు

రాజోలు మార్కెట్టు వెనక ఒక పెంకుటింట్లో మా మహిళా సంఘం వాళ్ళ కుట్టు కేంద్రం ఉండేది. ఆరు కుట్టుమిషన్లు, ఒక పొడుగాటి బల్ల, మేకులకి వేలాడే టేపులు. అక్కడ నేను అసిస్టెంటు టీచర్ని. మా పై ఆవిడని అందరూ పెద్ద టీచరుగారు అనేవారు. ఎనభైల మొదట్లో ఆవిడ రిటైరయ్యే ఏటికి నాకు ఇరవై మూడేళ్ళు.

ఆవిడది కపిలేశ్వరపురం వైపు. అమ్మా నాన్నా కూలికి వెళ్ళి పెంచేరట. చర్చిలో ఒక దొరసాని దగ్గర కుట్టు నేర్చుకుని, సంఘం పెట్టిన కొత్తల్లో ఒక్క మిషనుతో ఈ కేంద్రం మొదలుపెట్టేరు. పెళ్ళి చేసుకోలేదు. కేంద్రం పక్క గదిలోనే ఉండేవారు. సన్నంచు తెల్లచీర, తెల్ల జాకెట్టు, మెళ్ళో టేపు. కుట్టు వంకరగా వస్తే తిట్టేవారు కాదు. "విప్పెయ్యమ్మా" అనేవారు. ఆ ఒక్క మాటకే ఆడపిల్లలు వణికిపోయేవారు. నేనూ వణికేను.

ఒకరోజు సంఘం సెక్రటరీ గారు నన్ను పిలిచేరు. ఆవిడ ఒక లాయరు గారి భార్య, గట్టి మనిషి.

"టీచరుగారు వచ్చే నెలాఖరుకి దిగిపోతున్నారు కదా. సన్మానం బాగా చెయ్యాలి. సన్మాన పత్రం నువ్వు రాయాలమ్మాయ్."

"ఆయ్, రాస్తానండి" అన్నాను. ఉత్తరం తప్ప ఏమీ రాయని దాన్ని, ఎలా ఒప్పుకున్నానో నాకే తెలియదు. ఇంటికి వెళ్ళేదాకా కాళ్ళు నేల మీద ఆనలేదు.

మర్నాడు టీచరుగారి దగ్గర కాగితం, కలం పట్టుకుని కూర్చున్నాను. ఆవిడ కాజా కుడుతున్నారు.

"మీ గురించి కొంచెం చెప్పండి టీచరుగారూ. రాసుకుంటాను."

"నా గురించి ఏముందమ్మా రాయడానికి? పొద్దున్న తలుపు తీసేను, సాయంత్రం తలుపేసేను. అదే రాయి."

"అలా రాస్తే రెండు లైన్లేనండి."

"రెండు లైన్లు చాలు. వచ్చినవాళ్ళు తొందరగా ఇళ్ళకి పోతారు" అని దారం కొరికేసి, మళ్ళీ సూదిలోకి ఎక్కించుకున్నారు.

ఇక లాభం లేదనుకుని పాత రిజిస్టరు తీసేను. ఎన్నో ఊళ్ళ పేర్లు, ఎందరో అమ్మాయిల పేర్లు. వాళ్ళలో ఎక్కువమంది ఇప్పుడు పిల్లల తల్లులు. కొందరు మస్కట్లో, కువైట్లో ఉన్నారు. మిగిలినవాళ్ళ ఊళ్ళు బస్సుకో, గోదావరి దాటించే పంటుకో అందేవే. ప్రతి ఆదివారం, సెలవు దొరికిన ప్రతి మధ్యాహ్నం బయల్దేరేదాన్ని.

మొదట తాటిపాక వెళ్ళేను. అక్కడ బస్సులు ఆగే చోటే ఒకావిడ కొట్టు పెట్టుకుని ఉన్నారు. గ్యాసు బావుల పనికి పరాయి ఊళ్ళ నుంచి వచ్చిన కుటుంబాలన్నీ ఆవిడ దగ్గరే కుట్టించుకుంటున్నాయి. నేను ఎవరి తరఫున వచ్చేనో చెప్పగానే మిషను ఆపేసేరు.

"గోదావరి పొంగిన ఏడు జరిగింది మీకు తెలుసా అండీ? అప్పటికి మీరు చిన్నపిల్లలు. రాజోల్లో రోడ్ల మీదకి నీళ్ళు వచ్చేస్తున్నాయి. అందరూ బియ్యం, మంచాలు మోసుకుంటుంటే, మా టీచరుగారు మమ్మల్ని నలుగుర్ని కేకేసి కొబ్బరితాళ్ళు తెమ్మన్నారు. అప్పుడు మూడు మిషన్లే ఉండేవి. మూడూ దూలానికి కట్టి పైకి లాగేం. నడుముల్లోతు నీళ్ళలో నిలబడి ముడులు ఆవిడే వేసేరు. నీళ్ళు తీసేక చూస్తే ఇల్లంతా బురద. మిషన్లు మాత్రం గాలిలో వేలాడుతున్నాయి. వారం తిరక్కుండా వాటి మీదే, ఇళ్ళు మునిగిన వాళ్ళ పిల్లలకి గౌన్లు కుట్టేం."

నేను రాసుకోవడం మర్చిపోయి వింటూ కూర్చున్నాను. ఇదే కేంద్రంలో మూడేళ్ళుగా పని చేస్తున్నాను. ఆ దూలాల కిందే అన్నం తింటున్నాను. ఒక్కరూ చెప్పలేదు.

తరవాతి ఆదివారం పంటెక్కి ఒక లంక ఊరికి వెళ్ళేను. అక్కడ ఒక అమ్మాయి పెళ్ళయ్యేక కుట్టు మానేసిందట. ఆడది మిషను తొక్కితే పరువు పోతుందని మొగుడు వద్దన్నాడు. టీచరుగారు ప్రతి ఆదివారం చర్చి అవగానే పంటెక్కి వచ్చి వాళ్ళ అరుగు మీద కూర్చునేవారట. వాదించేవారు కాదు. మజ్జిగ తాగి వెళ్ళిపోయేవారు. నాలుగో ఆదివారం అతని పాత చొక్కా ఒకటి ఇమ్మని అడిగి, దాని కొలతలకి కొత్త చొక్కా ఆ అమ్మాయి చేతే, మిషను లేకుండా చేతికుట్టుతో కుట్టించి అతనికిచ్చేరు.

ఆ మొగుడే ఇప్పుడు నా ఎదురుగా కూర్చుని చెప్పేడు. "అంత బాగా కుదిరిన చొక్కా అంతకు ముందు తొడుక్కోలేదండి. ఎవరు కుట్టేరని ఊళ్ళో ఒకటే అడగడం. మా ఆవిడే అని చెప్పేక ఇంకేం వద్దంటానండి?" అతని వెనక గదిలో మిషను టకటకా ఆడుతూనే ఉంది.

పత్రం రెండు లైన్ల నుంచి రెండు పేజీలైంది, తరవాత నాలుగైంది. అంతటితో ఆగలేదు. నేను వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ "మేమూ వస్తాం" అన్నారు. తాటిపాక ఆవిడ ఇంకో మాట కూడా అన్నారు.

"శాలువా సంఘం వాళ్ళు కప్పుతారు. బావుంది. ఆవిడ మా అందరి చేతా ఎన్నో కుట్టించేరు కానీ, ఆవిడ జాకెట్టు ఏనాడూ మాలో ఒకరికి ఇవ్వలేదు. ఎప్పుడూ తనే కుట్టుకునేవారు. ఈసారి మనం కుడదామండి. అందరం కలిసి, ఒక్క జాకెట్టు."

ఆ మాట నాకు తెగ నచ్చింది. కానీ కొలతలెలా? ఆవిడ ఒంటికి టేపు పెట్టే ధైర్యం ఎవరికుంది?

రెండు రోజులు ఆలోచించి, సోమవారం క్లాసులో మామూలుగా అన్నాను. "కొత్త పిల్లలు భుజం కొలత తప్పు తీస్తున్నారండి. ఒక్కసారి మీరు నిలబడితే మీ మీద చూపిస్తాను."

ఆవిడ కళ్ళజోడు పైనుంచి నన్ను చూసేరు. లేచి నిలబడ్డారు. నేను టేపు పెడుతుంటే అంకెలు ఆవిడే చెప్పడం మొదలుపెట్టేరు. "భుజం పద్నాలుగు. అలా లాగకు, వదులుగా పట్టుకో. చెయ్యి పొడుగు తొమ్మిది. చేతి చుట్టు పన్నెండున్నర. రాసుకోండమ్మా." పిల్లలందరూ రాసుకున్నారు. అందరికంటే జాగ్రత్తగా నేను రాసుకున్నాను.

గుడ్డ నెమలికంఠం రంగుది తీసుకున్నాం. తెల్లది తప్ప కట్టని మనిషికి రంగుదా అని సగం మంది భయపడ్డారు. ఈ ఒక్కసారికి అని మిగతా సగం పట్టుబట్టేరు. తాటిపాక ఆవిడ కత్తిరించేరు. వెనక భాగం ఒక ఊళ్ళో, చేతులు లంకలో, మెడ పట్టీ మరో ఊళ్ళో. పొట్లం కట్టి లైను బస్సు కండక్టరుకి ఇస్తే ఫలానా స్టాపులో ఫలానా ఆవిడ అందుకునేది. "మళ్ళీ జాకెట్టేనా అండి?" అని నవ్వేవాడు అతను. చివరికి ఏ ముక్క ఎక్కడికి వెళ్ళాలో మాకంటే అతనికే బాగా తెలిసింది.

సన్మానం నాలుగు రోజులుందనగా నాకు రావలసిన ఆఖరి పొట్లం రాలేదు. ఆ రోజు కండక్టరు సెలవు పెట్టేడట. అతని బదులు వచ్చినతనికి సంగతి తెలియక, దిగేవాళ్ళెవరూ అడగలేదని అమలాపురం దాకా తీసుకుపోయేడు. కబురు తెలియగానే నేను తర్వాతి బస్సెక్కేను. దారి పొడుగునా కూర్చోలేక నిలబడే వెళ్ళేను. అమలాపురం బస్టాండులో ఒక్కొక్కరినీ అడుగుతూ పోతే, టీ కొట్టతను కండక్టరు వదిలిపోయిన పొట్లం బల్ల కింద నుంచి తీసి ఇచ్చేడు. "చీమలు పడతాయని సంచీలో పెట్టేనండి" అన్నాడు. ఆయనకి దణ్ణం పెట్టి అక్కడే విప్పి చూసుకున్నాను. ముక్కలన్నీ కలిసి జాకెట్టయింది. ఇక కాజాలే మిగిలేయి. అవి నావంతు.

శనివారం పొద్దున్న పదింటికి సభ. ఎనిమిదికే బస్సులు ఆవిడ శిష్యురాళ్ళని దింపడం మొదలుపెట్టేయి. చంకలో పిల్లలతో, చేతుల్లో పూలదండలతో, తాము కుట్టుకున్న జాకెట్లే తొడుక్కుని వచ్చేరు. హాలు నిండిపోయింది, వరండా నిండింది. సెక్రటరీ గారు కంగారుపడి, మార్కెట్టులో కొబ్బరికాయల షావుకారుని అడిగి ఆయన షెడ్డు తలుపులు తీయించేరు. కొబ్బరికాయల గుట్టల మధ్య చాపలు పరిచేం. ముఖ్య అతిథిగా వచ్చిన బ్లాకు ఆఫీసరు గారు జనాన్ని చూసి, "రాజకీయ సభేమో అనుకున్నానండి" అన్నారు.

టీచరుగారిని తీసుకొస్తుంటే గుమ్మంలోనే ఆగిపోయేరు. ఆ మొహాలన్నీ చూసేరు. మెళ్ళో టేపు సర్దుకుని లోపలికి నడిచేరు.

నేను పత్రం చదివేను. మొదటి పేజీ తల ఎత్తకుండా గబగబా చదివేసేను. దూలానికి కట్టిన మిషన్ల దగ్గరికి వచ్చేసరికి నా గొంతు నాకే కొత్తగా, గట్టిగా వినబడింది. చాపల మీద నుంచి "అవునండి, నేనున్నానండి ఆ రోజు" అని ఎవరో అన్నారు. లంక చొక్కా దగ్గర షెడ్డంతా నవ్వింది. టీచరుగారు నా వంక చూసిన చూపుకి, పత్రం కూడా విప్పి మళ్ళీ కుట్టమంటారేమో అనుకున్నాను.

శాలువా కప్పేరు, దండ వేసేరు. తరవాత తాటిపాక ఆవిడ పొట్లం చేతికిచ్చి, "మేమంతా తలో కుట్టూ వేసేమండి" అన్నారు.

టీచరుగారు పొట్లం విప్పి జాకెట్టు బయటికి తీసేరు. కళ్ళజోడు పెట్టుకున్నారు. దాన్ని లోపలివైపు తిరగేసేరు. అంతమంది గట్టి ఆడవాళ్ళు, పిల్లల తల్లులు, పరీక్షకి కూర్చున్నట్టు బిగుసుకుపోయేరు.

"చేతులెవరు వేసేరు?"

లంక అమ్మాయి లేచింది. "నేనేనండి."

"చంక దగ్గర బాగా కూర్చుంది. మెడ పట్టీ?"

ఇంకొకావిడ లేచేరు. "శుభ్రంగా ఉంది" అన్నారు టీచరుగారు. "కాజాలు?"

"నావండి" అన్నాను.

"మూడోది కొంచెం వంకర" అన్నారు. షెడ్డు దద్దరిల్లింది. ఆఫీసరు గారు కూడా నవ్వేరు.

ఆవిడ లేచి, ఏమీ చెప్పకుండా, కేంద్రంలోకి వెళ్ళిపోయేరు. ఐదు నిమిషాలు ఎవరికీ ఏం చెయ్యాలో తెలియలేదు. తిరిగి వచ్చేసరికి ఒంటి మీద నెమలికంఠం రంగు జాకెట్టుంది. భుజం దగ్గర ఒక్క ముడత లేదు. చప్పట్లు ఆగవే. నా పక్కన నిలబడి, నాకు మాత్రమే వినబడేలా, "కొలతలు సరిగ్గానే చెప్పేనన్నమాట" అన్నారు. అంటే ఆవిడకి కొలతలు తీసిన రోజే తెలిసిపోయింది.

మాట్లాడమంటే ఉపన్యాసం ఇవ్వలేదు. ఒక్కొక్కరినీ ఊరి పేరు పెట్టి లేపి, ఇప్పుడేం కుడుతున్నావు, మిషను నూనె వేస్తున్నావా, ఆడపిల్లకి నేర్పుతున్నావా అని అడిగేరు. ఆఫీసరు గారు వాచీ చూసుకోవడం మానేసి వింటూ కూర్చున్నారు. చివర్లో సెక్రటరీ గారి వైపు తిరిగి, "కాకినాడ నుంచి కొత్త టీచర్ని తెస్తారని విన్నానండి. ఎందుకండీ అంత దూరం? ఈ పిల్ల ఉంది కదా" అని నన్ను చూపించేరు.

"కమిటీలో మాట్లాడతామండి" అన్నారు సెక్రటరీ గారు, ఆవిడ పద్ధతిలో. మాట్లాడేరు. మూడు నెలలు పట్టింది కానీ ఉద్యోగం నాకే ఇచ్చేరు. మా కేంద్రంలో కుట్టు సర్టిఫికెట్టు పరీక్షలు కూడా ఆ తర్వాతే మొదలయ్యేయి.

మధ్యాహ్నం భోజనాలయ్యేక ఆవిడ తమ్ముడు వచ్చేరు, ఊరికి తీసుకెళ్ళడానికి. ట్రంకుపెట్టె, ఒక సంచీ, అంతే సామాను. మేమందరం బస్సు దాకా నడిచేం. దారంతా ఒకరి మాట ఒకరికి వినబడనంత గోల. బస్సెక్కి కిటికీ దగ్గర కూర్చున్నాక, "వెళ్ళండమ్మా, ఎండ" అన్నారు. ఒక్కరూ కదల్లేదు.

ఇంటికి వచ్చేసరికి మా అమ్మ కాఫీ కలిపింది. తాగలేదు. కాళ్ళు కడుక్కోకుండానే అమ్మ ముందు కూర్చుని, పొద్దున్నుంచి జరిగినదంతా మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టేను. సగంలో గొంతు పోయింది. అయినా చెప్తూనే ఉన్నాను.