మా అత్త పిల్లి, బాయిలర్ బూడిద

మా అత్త మా ఇంటికి రావడానికి ఒకే ఒక షరతు పెట్టింది. తనతోపాటు పిల్లి కూడా వస్తుంది.

అవి తొంభైల నడిమి సంవత్సరాలు. పటేల్‌గూడలో ఒక రైతు ఇంటి మేడమీద రెండు గదుల్లో కిరాయికి ఉండేవాళ్ళం. మా ఆయన ఒక మందుల కంపెనీలో బాయిలర్ దగ్గర పనిచేసేవాడు. నాకు ఆ పక్కనే ఉన్న చిన్న బడిలో టీచరుద్యోగం అప్పుడే దొరికింది. రెండేళ్ళ పాపను చూసుకోవడానికి ఇంట్లో మనిషి కావాలి. సంగారెడ్డి అవతల పల్లెలో ఉండే మా అత్తను రమ్మని అడిగితే, "నేనొస్తే అదొస్తది. అది రాకుంటే నేను రాను" అని కబురు చేసింది. ఆ ఉద్యోగం కోసం పులినైనా తెచ్చుకునేదాన్ని, పిల్లి ఏపాటిది అనుకున్నాను.

గోనెసంచిలో పెట్టి, మూతి మాత్రం బయటికి ఉంచి, బస్సులో ఒళ్ళో కూర్చోబెట్టుకుని తెచ్చింది. సంచిలో ఏముందని కండక్టర్ అడిగితే "నా బిడ్డ" అన్నదట. ఆ ముక్క మాకు వారం రోజులు చెప్పుకుని నవ్వింది. చారల పిల్లి, తోక కొస కాస్త వంకర. మనిషిని చూస్తే వెనక్కి తగ్గేది కాదు. ఆ విషయంలో మా అత్తకే పుట్టినట్టుండేది.

పల్లెలో దానికి గడ్డివాము వెనక కావలసినంత మట్టి. మా మేడమీద అంతా సిమెంటు గచ్చే. మొదటిరోజు కాళ్ళు తుడుచుకునే పట్టా మీద పోయింది. రెండోరోజు మెట్ల మీద. కింద ఉండే ఓనరమ్మ పొద్దున్నే ఆ మెట్లు కడిగి, కింది మెట్టు దగ్గర ముగ్గేసేది. తరతరాలుగా ఆ ఊరివాళ్ళు, కంపెనీలు రాకముందు ఆ చుట్టుపక్కల చేలన్నీ వాళ్ళవే. మాట కటువే గానీ, పాపకు జ్వరమొస్తే ముందు పరుగెత్తుకొచ్చేది కూడా ఆమే. చీపురు పట్టుకుని నిలబడి, "గీ గలీజు పని నా ఇంట్ల నడవది, టీచరమ్మా" అని మాత్రం గట్టిగానే చెప్పింది.

మా ఆయన ఆ ఆదివారం పెద్ద నూనె డబ్బా ఒకటి తెచ్చి, నిలువునా రెండుగా కోసి, పిల్లి పొట్టకు గీసుకోకుండా అంచులన్నీ లోపలికి మడిచి సుత్తితో కొట్టాడు. చేతిపని అంటే అంత శ్రద్ధ ఆయనకు. అందులో ఏం పోయాలన్నదే ప్రశ్న. మా అత్త లెక్కలో దానికి ఒకటే జవాబు, బూడిద. బూడిదైతే వాసన రాదు, తడి పీల్చుకుంటుంది, పిల్లి తనే కప్పుకుంటుంది. అయితే మా ఇంట్లో గ్యాసు పొయ్యి.

"పిడికెడు బూడిద దొరకని ఇల్లు గూడ ఇల్లేనా?" అని నా పొయ్యిని చూసి మూతి విరిచింది.

"బూడిదకేందవ్వా, మా కంపెనీల గుట్టలు గుట్టలున్నది" అన్నాడు మా ఆయన.

మర్నాడే మోపెడ్ వెనక సంచి కట్టుకుని వచ్చాడు. నల్లగా, మెత్తగా ఉన్న బూడిద. మా అత్త వేళ్ళ మధ్య నలిపి చూసింది. గిన్నెలు తోమడానికి పనికిరాదు, ఏదో మందు వాసన వస్తున్నదని పక్కన పెట్టి, పిల్లికి చాలులే అంది. పిల్లి రెండుసార్లు వాసన చూసి, డబ్బాలోకి దిగి, గుంట తవ్వి, పని ముగించి, చక్కగా కప్పేసింది. ముగ్గురం గుమ్మంలో నిలబడి సినిమా చూసినట్టు చూశాం. మా ఆయన ముఖంలో ఆ రోజు కనపడ్డ గర్వం నాకిప్పటికీ గుర్తే. తల్లికి తన కంపెనీ నుంచి ఏదైనా పనికొచ్చేది తెచ్చి ఇవ్వగలగడం అదే మొదటిసారి.

రెండు వారాలు బాగానే గడిచాయి. నేను బడికి పోతున్నాను, పాప నానమ్మ వెంట తిరుగుతోంది, పిల్లి వాళ్ళిద్దరి వెంట తిరుగుతోంది. ఆ తర్వాత దాని కడుపు చెడింది.

ముందు పల్చగా పోయింది. తర్వాత నురగ నురగగా కక్కింది. తిండి వాసన చూసి వెళ్ళిపోయేది. ఒకరోజు డబ్బా దాకా పోలేక మెట్ల మీదే కూలబడింది, అదీ ఓనరమ్మ ముగ్గేసిన మెట్టు మీద.

"ఇంగొక్కసారి అయితే పిల్లి అన్న పోవాలె, మీరన్న పోవాలె" అని తేల్చి చెప్పేసింది ఆమె.

మా అత్త పైనుంచే విన్నది. నా వైపు తిరిగి, ఏమాత్రం కోపం లేకుండా, "అది పోతే నేను గూడ పోత పిల్లా. ముందే చెప్పిన గద" అంది.

అంటే పాపకు మనిషి ఉండదు. అంటే నా ఉద్యోగం పోతుంది. కాబట్టి నిజం చెప్పేస్తాను, ఆ పిల్లిని నేను బతికించాలనుకున్నది దాని మీద ప్రేమతో కాదు. నా జీతం, నా చేతిసంచి, పొద్దున్నే చీర కుచ్చిళ్ళు సర్దుకుని మెట్లు దిగే ఆ పావుగంట, వాటి మీద ప్రేమతో.

నేరం ముందు నా మీదే పడింది. "నీ పాకెట్ పాలే దాని పేగులు ఖరాబ్ జేసినయ్" అంది మా అత్త. పాలు ఆపేశాను. తగ్గలేదు. వాము కాచిన నీళ్ళు పట్టబోతే ఆమె మోచేతి మీద మూడు గీతలు గీసి మంచం కిందికి దూరింది. ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీస్తే ఆ ఘాటుకు మేమందరం దగ్గాం గానీ పిల్లికి ఏ మార్పూ లేదు. మజ్జిగన్నం మాత్రం రెండు మెతుకులు తిన్నది. రోజూ బడి నుంచి రాగానే నా మొదటి పని, ఆ డబ్బా ముందు గొంతుక్కూర్చుని చూడటం. ఎన్నిసార్లు పోయింది, ఏ రంగు, జిగటగా ఉందా నీళ్ళలా ఉందా. మా అత్త వెనక నిలబడి పొద్దుటి సంగతులు చెప్పేది. అప్పటిదాకా మా ఇద్దరి మధ్య పది మాటలు వరుసగా నడిచింది లేదు. పిల్లి విరేచనాల గురించి మాత్రం గంటసేపు మాట్లాడుకునేవాళ్ళం.

చివరికి పటాన్‌చెరులో పశువుల దవాఖానకు తీసుకుపోయాం. మా ముందు రెండు బర్రెలు, ఒక మేకల మంద. సంచిలోంచి పిల్లి తల బయటికి రాగానే మేకలాయన పడిపడి నవ్వాడు. డాక్టరు మాత్రం నవ్వలేదు. పెద్దమనిషి, ఓపికగా పొట్ట నొక్కి చూసి, పురుగులు లేవన్నాడు. బరువెంత అని అడిగాడు. అక్కడ అన్నీ పెద్ద పశువుల లెక్కే. ఇంత చిన్న ప్రాణాన్ని తూచే కాటా లేదు. ఎదురుగా కిరాణా కొట్టుకు పోయి సంచితో సహా త్రాసులో పెట్టాం. ఒక పక్క పిల్లి, ఇంకో పక్క గుండ్లు. "మూడు కిలోలకు జెర తక్కువుంది, ప్యాక్ చెయ్యమంటరా?" అన్నాడు కొట్టాయన. మా అత్త చూసిన చూపుకు మళ్ళీ నోరెత్తలేదు.

మనుషుల మాత్రే రాసిచ్చాడు డాక్టరు. అందులో పావు ముక్క, పూటకొకటి. పావు ముక్క అనడం తేలికే. బ్లేడుతో కోస్తే ఒక ముక్క నేలమీదికి, ఇంకో ముక్క పొడి పొడి. ఎండుచేపలో దాచిపెడితే చేప తిని, మాత్రను కడిగినంత శుభ్రంగా గిన్నెలో వదిలిపెట్టేది. టవల్లో చుట్టి మా అత్త పట్టుకుంటే నేను దవడలు విప్పి నాలుక మీద వేసేదాన్ని. మింగినట్టు నటించి, సరిగ్గా అరగంట తర్వాత పాప బొమ్మల మధ్య ఉమ్మేసేది. నా తల ప్రాణం తోకకొచ్చింది.

మళ్ళీ డాక్టరు దగ్గరికి పోతే ఆయన ఒక ఉపాయం చెప్పాడు. "నోట్లెందుకు పెడుతున్రమ్మా? మాత్రను పొడి జేసి, నెయ్యిల కలిపి, ముందు కాలికి రాయుండ్రి. పిల్లి మైల భరించది. అదే నాకుతది."

అది ఆదివారం మధ్యాహ్నం. మా ఆయన మొదటి షిఫ్టు ముగించుకుని ఇంకా రాలేదు. మా అత్త పిల్లిని ఒళ్ళో పెట్టుకుంది, నేను దాని ముందు కాలికి నెయ్యి రాశాను. క్షణం ఆగలేదు. కాలెత్తి, వేళ్ళ సందులు విప్పుకుని, గోళ్ళ మొదళ్ళ దాకా ఒక్క కణం మిగలకుండా నాకింది. అలవాటు చొప్పున రెండో కాలూ నాకింది. తర్వాత వెనక కాళ్ళు. నాకు భలే సంతోషమేసింది. మందు లోపలికి పోయిందని చప్పట్లు కొట్టబోయి ఆగిపోయాను. వెనక కాలి వేళ్ళ మధ్య నల్లటి బూడిద ఉంది. అదీ లోపలికి పోయింది.

రోజుకు ఐదారుసార్లు ఆ డబ్బాలో దిగుతోంది. దిగిన ప్రతిసారీ నాలుగు కాళ్ళూ నాక్కుంటోంది. కడుపు చెడిన కొద్దీ ఎక్కువసార్లు దిగుతోంది. మేం పావు మాత్ర లోపలికి పంపడానికి యుద్ధం చేస్తుంటే, అది చెంచాల కొద్దీ బూడిద తనంతట తనే తింటోంది.

మా అత్తకు చెబితే నమ్మలేదు. "మా ఊర్ల పిల్లులన్నీ పొయ్యిలనే పండుతయి. బూడిదకు ఏమైతది?" అంది. అయినా ఇద్దరం కలిసి డబ్బా ఖాళీ చేసి, తోమి, వీధి చివర ఇల్లు కడుతున్న చోటు నుంచి రెండు బకెట్ల ఇసుక మోసుకొచ్చాం. మా ఆయనకు చెప్పలేదు. అంత ముచ్చటపడి తెచ్చేది తప్పని ఎలా చెప్పడం?

మూడోరోజుకు వాంతులు ఆగాయి. ఐదోరోజు సాయంత్రం బడి నుంచి వచ్చి డబ్బా ముందు కూర్చుంటే, ఇసుకలో గట్టిగా, ముద్దగా, చూడముచ్చటగా కనపడింది. సిగ్గులేకుండా చెబుతున్నాను, ఆనందంతో కేక పెట్టాను. మా అత్త వచ్చి చూసి, నా నెత్తిమీద చెయ్యి పెట్టి, "సల్లగుండు బిడ్డా" అంది. పెళ్ళయిన నాలుగేళ్ళలో నన్ను బిడ్డా అనడం అదే మొదలు. కింద ఓనరమ్మకు కూడా చెప్పాం. "మంచిదే తియ్. మెట్లు మాత్రం జాగ్రత్త" అని, పిల్లికని అరగ్లాసు బర్రెపాలు పంపించింది.

మేం ఆ సంబరంలో ఉండగానే మా ఆయన మోపెడ్ మీద కొత్త బూడిద సంచితో దిగాడు. ఇక దాచలేక, ఆ బూడిద వద్దని, పిల్లి కడుపు చెడగొట్టింది అదేనని చెప్పాను. ఆయన ముఖం చిన్నబోయింది.

"బూడిదల ఏముంటది?"

"ఏం కాలుస్తరో మీకే ఎర్క."

"బొగ్గే కాలుస్తం. అప్పుడప్పుడు ప్లాంటుల మిగిలిన చెత్త గూడ ఏస్తరు." ఆయనకు కోపం వచ్చింది. "నేను దినాం అండ్లనే నిలవడ్త. అండ్లనే కూసొని బువ్వ తింట. నాకేమైంది?"

మా అత్త ఒళ్ళో పిల్లిని కిందికి దింపి లేచింది. కొడుకు కుడిచెయ్యి పట్టుకుని వెలుతురులోకి లాగింది. గోళ్ళ కింద, వేళ్ళ సందుల్లో, అరచేతి గీతల్లో అదే నలుపు. వాసన చూసింది.

"కడుక్కోని తింటవా కొడుకా?"

"నీళ్ళతోటి కడుక్కుంటనే."

"ఎన్నేండ్ల సంది?"

ఏడేళ్ళని నాకు తెలుసు.

ఆ పిల్లి పొద్దున ఎన్నిసార్లు పోయిందో, ఏ రంగులో పోయిందో నెలన్నరపాటు అడిగి తెలుసుకున్నదాన్ని. రోజూ నా చేత్తో కట్టిచ్చే టిఫిన్ డబ్బాలోని అన్నం నా మొగుడు ఏ చేత్తో తింటున్నాడో ఒక్కరోజూ అడగలేదు. నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు కూడా.

ఆయనను ఉద్యోగం మానెయ్యమని ఎవరమూ అనలేదు. అనగలిగే రోజులు కావవి. మర్నాడు పొద్దున అన్నం డబ్బాతోపాటు ఒక సబ్బుబిళ్ళ, ఒక పాత టవలు పెట్టాను. అందరూ నవ్వుతారని ఆయన గునిశాడు. సాయంత్రం రాగానే మా అత్త సంచిలో చెయ్యి పెట్టి సబ్బు తీసి చూసింది. పొడిగానే ఉంది. ఆమె ఆ పూట అన్నం తినలేదు. రెండోరోజు సబ్బు తడిగా వచ్చింది.

ఆ పిల్లి తర్వాత ఏళ్ళ తరబడి మాతోనే ఉంది. మా అత్త కూడా. సాయంత్రం కంపెనీ సైరన్ వినపడగానే మోపెడ్ చప్పుడు కోసం మెట్ల మీద కూర్చునే ఆ ఇద్దరూ ఇప్పుడు లేరు. అంత తక్కువ జాగాలో, అంత కిక్కిరిసి, అంత హాయిగా నేను మళ్ళీ ఎప్పుడూ బతకలేదు.

ఆ మొదటి సబ్బు వారం తిరగకముందే అరిగి రేకులా అయిపోయింది. ఒక్క మనిషి వాడితే నెల రావాలి. అంత ఎలా అయిందని మా ఆయనను అడిగాను. బాయిలర్ దగ్గర పనిచేసే వాళ్ళందరూ, బీహార్ నుంచి వచ్చిన హెల్పర్లతో సహా, అన్నం ముందు దాంతోనే చేతులు కడుక్కుంటున్నారని చెప్పాడు. చెప్పి, తప్పు చేసినవాడిలా తల్లి వైపు చూశాడు.

"ఇంగొకటి పెట్టు బిడ్డా" అంది మా అత్త నాతో. "పెద్దది పెట్టు."