మేడమీద రెండో బీగం

డెబ్బైల చివర్లో నేను తిరుపతి రైల్వే స్టేషను దగ్గర ఒక బిల్డింగులో టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపేదాన్ని. కింద ఓనరుగారి బట్టల అంగడి. మేడమీద నా గది, పక్కన ఒక పళ్ళ డాక్టరు, ఆ చివర లారీ బుకింగ్ ఆఫీసు. అందరికీ కలిపి వరండా కొసన ఒకటే మరుగుదొడ్డి. దానికి ఎప్పుడూ తాళం వేసి ఉండేది. తాళంచెవి కింద అంగట్లో, గల్లాపెట్టె వెనక మేకుకు వేలాడేది.

ఎవరూ పట్టుకుపోకుండా ఓనరు దానికి విరిగిన మీటరు కర్ర ముక్క కట్టించాడు. మూరెడు పొడుగు. కొంగు కింద దాచుదామన్నా దాగదు. చీరలు చూస్తున్న జనం మధ్యలోంచి ఆ కర్ర పట్టుకుని మెట్లెక్కాలి, మళ్ళీ పట్టుకుని దిగాలి. డాక్టరుకూ లారీ ఆఫీసాయనకూ ఆ బాధ లేదు. ఇంకెవరి చేతికీ ఇవ్వకూడదని చెప్పి, వాళ్ళకు చెరొక తాళంచెవి ముందే ఇచ్చాడు. నాకూ ఒకటివ్వమంటే, "ఆడపిల్లోళ్ళు వచ్చిపోయే చోటమ్మా. బీగంచెవి నా కండ్ల ముందర ఉంటేనే మంచిది" అన్నాడు. ఎవరికి మంచిదో చెప్పలేదు.

నా దగ్గర నేర్చుకునేది ఎక్కువగా ఆడపిల్లలే. పుత్తూరు నుంచి, పూతలపట్టు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చేవాళ్ళు. వాళ్ళ కోసం నేనే దిగి తాళంచెవి తెచ్చేదాన్ని. "మళ్ళీనా మేడమ్?" అనేవాడు గుమాస్తా, అందరికీ వినబడేటట్టు. "మళ్ళీనే" అనేదాన్ని.

ఒక ఎండాకాలం, పరీక్షలు దగ్గరపడుతున్న రోజుల్లో, పూతలపట్టు పిల్ల టైపు కొడుతూ కొడుతూ మిషను మీదికి వాలిపోయింది. ఒళ్ళు కాలిపోతోంది. జట్కాలో లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ చూసి, "నీళ్ళు తాగవా పాపా?" అంది. పిల్ల తల వంచుకుంది. తిరిగొచ్చేటప్పుడు నాతో చెప్పింది.

"ఇంటికాడ బయల్దేరినప్పటి నుంచి తాగను మేడమ్. తాగితే పోవాల్సి వస్తాది కదా. మీరు మా కోసరం కిందికి పోయి మాటలు పడతాండారు. మేం ఆ కట్టె పట్టుకోని మొగోళ్ళందరి ముందర యాడ పోయేది?"

మిగిలిన పిల్లల్ని అడిగాను. "మేమూ తాగం మేడమ్" అన్నారు.

ఆ మధ్యాహ్నమే ఓనరు దగ్గరికెళ్ళాను. కూలి నేనే ఇస్తాను, ఇంకో తాళంచెవి చేయించుకుంటానన్నాను. ఆయన బట్ట చింపుతూ తల కూడా ఎత్తలేదు.

"నీకిస్తే రేపు బజారంతా నా కక్కసులోనే ఉంటాది!"

బేరమాడుతున్న వాళ్ళు కూడా నవ్వారు. నేను అట్నుంచి అటే ఇనుప సామాన్ల అంగడికి పోయి, ఉన్నవాటిలో లావుపాటి తాళం అడిగి కొన్నాను. మరుగుదొడ్డి తలుపుకు రెండు గొళ్ళేలు. కిందిదానికి ఓనరు తాళం, పైది ఖాళీ. ఆ పైదానికి నా తాళం వేసి, తాళంచెవి మెడలో గొలుసుకు తగిలించుకున్నాను. అవసరమైతే రెండు వీధుల అవతల మా ఇంటికి పోయి రమ్మని పిల్లలకు చెప్పాను.

మొదట లారీ ఆఫీసాయన వచ్చాడు.

"మేడమ్, ఆ పై బీగం ఎవురిది?"

"నాదే."

"తీయండి మేడమ్, అర్జంటు."

"కింద అడగన్నా. మా పిల్లోళ్ళ కోసరం నేను రోజూ ఆడికే పోయి అడుగుతాండా."

కాసేపటికి ఓనరు రొప్పుతూ మెట్లెక్కి వచ్చాడు. వెనకాల గుమాస్తా, చేతిలో సుత్తి. లోపల మిషన్ల చప్పుడు ఆగిపోయింది. పిల్లలంతా వచ్చి వరండాలో నిలబడ్డారు.

"ఇది ఎవురి బిల్డింగు అనుకుంటాండావు?"

"మీదే. బాడుగ నాది. ఆ తలుపుకు కూడా కలిపే కదా తీసుకుంటాండారు?"

"పగలగొట్టిస్తా!"

"కొట్టించండి. రేపు ఇంకొకటి ఏస్తా. అదీ కొట్టిస్తే ఎల్లుండి ఇంకొకటి."

గుమాస్తా సుత్తి ఎత్తలేదు. అప్పుడు పళ్ళ డాక్టరు బయటికొచ్చి, "ఇచ్చేయండి సార్. నా దగ్గరికొచ్చే ఆడోళ్ళు గూడా ఆ కట్టెకు జడిసి సగంలో లేసి పోతాండారు" అన్నాడు. ఆ మాట ఇన్నాళ్ళూ ఎందుకు అనలేదని నేను అడగలేదు. కానీ మరచిపోనూ లేదు.

"నెలాఖరుకు ఖాళీ చెయ్" అన్నాడు ఓనరు నాతో.

"చెయ్యను" అన్నాను.

పిల్లల్ని మళ్ళీ మిషన్ల ముందు కూర్చోబెట్టాను.

ఆ తర్వాత రెండు రోజులు మేడమీది మగవాళ్ళు అవసరమొచ్చినప్పుడల్లా రైల్వే స్టేషను దాకా నడిచారు. మూడో రోజు గుమాస్తా పైకొచ్చి కొత్త తాళంచెవి నా బల్ల మీద పెట్టాడు.

"ఒకటి చాలదు. నాకొకటి, పిల్లోళ్ళకొకటి" అన్నాను.

అతను దిగిపోయి, సాయంత్రానికి రెండోది తెచ్చిచ్చాడు. పిల్లల తాళంచెవిని గదిలో గుమ్మం పక్కన మేకుకు తగిలించాను. నన్ను కూడా అడగక్కర్లేదని చెప్పాను. అప్పుడు తీశాను నా తాళం.

ఓనరు మళ్ళీ నాతో మాట్లాడలేదు. మెట్ల దగ్గర బల్బు పోతే వేయించలేదు, నేనే కొని వేసుకున్నాను. ఖాళీ చేయమని ఎవరెవరిచేతో చెప్పించాడు. చెప్పినవాళ్ళకు కాఫీ ఇచ్చి పంపేదాన్ని.

ఎనభైల్లో చిత్తూరుకు మారినప్పుడు అక్కడొక కొత్త కాంప్లెక్సులో గది చూశాను. కొత్త ఓనరు ఫ్యాను తిప్పి చూపించాడు, బోర్డు ఎక్కడ కట్టుకోవచ్చో చూపించాడు.

"ఆడపిల్లలు పోయే దొడ్డి బీగంచెవి ఎవురి చేతిలో ఉంటాది?" అన్నాను.

ఆయన నవ్వాడు. "అదంతా తర్వాత సూసుకుందాంలేమ్మా. ముందు అడ్వాన్సు ఇయ్యండి."

నేను చేతిసంచీ చంకన పెట్టుకుని మెట్లు దిగాను. వీధిలోకి వచ్చేశాక, వెనక చెప్పుల చప్పుడు, "మేడమ్, మేడమ్, ఉండండి" అన్న కేక వినిపించాయి. నేను నడుస్తూనే ఉన్నాను. ఆ ఓనరు పరుగెత్తుకొచ్చి నా ముందు నిలబడి, చేయి చాపి దొడ్డి తాళంచెవి చూపించిన తర్వాతే ఆగాను.